రీమ్‌కి గుగ్గిళ్ళు పెట్టింది నేనే

కువైట్లో ప్రెషర్ కుక్కర్ రబ్బరు దొరకదు. దొరకదంటే దొరుకుతుంది. మన కుక్కర్‌కి సరిపోయేది దొరకదు. ఫహాహీల్ బజారులో నేను ఎక్కి దిగని పాత్రల కొట్టు లేదు. కొట్టువాడు ఒక రబ్బరు చేతిలో పెట్టి "సేమ్ సేమ్" అంటాడు. ఇంటికొచ్చి చూస్తే అది సేమూ కాదు, కనీసం దూరపు చుట్టం కూడా కాదు. ఒక పక్క బిగిస్తే ఇంకో పక్కనుంచి ఆవిరి పోతుంది. ఊరినుంచి వచ్చేవాళ్ళు ఆవకాయ తెస్తారు, అరిసెలు తెస్తారు, అడగని సలహాలు కిలోల లెక్కన తెస్తారు. రబ్బరు తెమ్మంటే మాత్రం "అయ్యో, మరిచేపోయాం" అంటారు.

ఈ గోల మీకెందుకంటారా? నిజమే. నేను చెప్పాల్సింది రబ్బరు గురించి కాదు. అసలు విషయం దగ్గరికొచ్చేసరికి పక్కనున్న ఏదో ఒక వస్తువును పట్టుకుని దాని మీద జోకులు వేయడం నా అలవాటు. అలవాటని నేనంటున్నాను. దానికి ఇంకో పేరుంది. ఆ పేరు రాయడానికే ఇవాళ కూర్చున్నాను.

ఏడేళ్ళుగా నాలో ఒక మాట ఉండిపోయింది. బరువు అని రాయబోయి ఆగాను. బరువైతే మోసినట్టు తెలిసేది. అలిసిపోయి ఎక్కడో ఒకచోట దింపేసేవాణ్ణి. ఇది పంటి సందులో ఇరుక్కున్న ఉలవ పొట్టులాంటిది. తింటున్నా, మాట్లాడుతున్నా, పదిమందిలో నవ్వుతున్నా నాలుక దానంతటదే వెతుక్కుంటూ అక్కడికే పోతుంది. తీసేద్దామంటే చేతికి అందదు, వదిలేద్దామంటే అది వదలదు.

ఉలవ పొట్టు అని ఊరికే అనలేదు.

నేను ఇంజనీర్ని. ఊరు బెజవాడ. ఉండేది ఫింటాస్‌లో, సముద్రం కనిపిస్తుందని చెప్పి అద్దెకిచ్చిన ఫ్లాట్‌లో. కనిపిస్తుంది, వంటింటి కిటికీలోంచి మెడ బాగా బయటపెడితే. ఆఫీసులో మా మేనేజరు కువైటీ. పెద్దకొడుకు పేరు సాలెం కాబట్టి అందరూ ఆయన్ని బూ సాలెం, అంటే సాలెం తండ్రి, అంటారు. మిష్రిఫ్‌లో పెద్ద ఇల్లు. ఊరవతల శాలలో నాలుగు గుర్రాలు. చలికాలం రాగానే ఆ నాలుగింటినీ ట్రెయిలర్లలో ఎక్కించి ఎడారిలోకి తీసుకుపోయి, చలి తగ్గేదాకా అక్కడే గుడారాలు వేసేవాడు. వారాంతాల్లో మాలో కొందరిని పిలిచేవాడు.

అంతంత ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు ఇసకలో పడుకోవడానికి ఎందుకు అంత ముచ్చట పడతారో మొదట్లో నాకు అర్థం కాలేదు. మిగతావాళ్ళ గుడారాల్లో జనరేటర్లు, టీవీలు, పిల్లలకు ఇసకలో తోలే బండ్లు ఉండేవి. బూ సాలెం దగ్గర అవేవీ లేవు. మరుగుదొడ్డి ఉందని చెప్పుకోవడానికి ఉంది. చెట్టు అనే మాటకు కాస్త దగ్గరగా వచ్చేవి మోకాలెత్తు ముళ్ళపొదలు. అయినా ఒక్కసారి వెళ్ళాక మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. ఇసక మీద గుర్రం నడిస్తే అడుగుల చప్పుడు రాదు. దాని ఊపిరి ఒక్కటే వినిపిస్తుంది. కాసేపటికి మన ఊపిరి కూడా దానితో కలుస్తుంది. నలభై దాటిన వయసులో, బొజ్జ ఉన్న మనిషికి, అంత మర్యాదగా తనను మోసుకుపోయే ప్రాణి ఇంకోటి ఉంటుందని నేను అనుకోలేదు. ఆ ప్రాణి పేరు రీమ్. బూడిదరంగు ఆడగుర్రం. బూ సాలెం దాన్ని సొంత కూతురి కంటే ఒక మెట్టు మాత్రమే కింద ఉంచేవాడు. ఆ మెట్టు కూడా భార్య ఎదురుగా ఉన్నప్పుడే.

అక్కడ నా హోదా ఏమిటో చెప్పాలి. నేను నవ్వించేవాణ్ణి. నన్ను పిలిచేదే అందుకు. మొదటి ఏడాదే ఒక పెద్ద జోకు వేశాను: మా తాతగారికి జట్కా ఉండేదని. నిజానికి మా తాతగారు జట్కా ఎక్కేవారు. స్టేషను నుంచి ఇంటికి, మిగతా జనంలాగే, డబ్బులిచ్చి. ఎక్కేవారు అన్నదాన్ని ఉండేది అని మార్చానంతే. బూ సాలెం దాన్ని నమ్మేశాడు. "ఇతని రక్తంలోనే గుర్రాలున్నాయి" అని వచ్చినవాళ్ళకు నన్ను పరిచయం చేసేవాడు. నేను కాదనలేదు. రక్తంలో ఉన్నది షుగరేనని చెప్పడానికి అది సమయం కాదనిపించింది.

గుర్రాలను చూసుకునే మనిషి ఓబులేసు. రాయచోటి దగ్గరి పల్లె. తోటపనికని ఇంటి వీసా మీద వచ్చాడు. ముందున్న సాయీసు మానేస్తే గుర్రాలు ఇతని చేతికొచ్చాయి. వాటి గురించి అతనికి తెలిసిందంతా అవి నేర్పిందే. రెండుసార్లు కరిచి, ఒకసారి తన్ని. అతని భార్య రవణమ్మ కూడా బూ సాలెం ఇంట్లోనే పనిమనిషి. మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఒకే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒకే ఇల్లు. కువైట్లో మన పనివాళ్ళకు అంతకంటే అదృష్టం ఉండదు. పిల్లాణ్ణి అవ్వ దగ్గర వదిలి వచ్చారు. ఇద్దరూ కలిసి ఇంకొన్నేళ్ళు ఇక్కడ ఉండి, ఇద్దరూ కలిసి ఇంటికి పోవాలన్నది వాళ్ళ ఆలోచన. ఓబులేసు నాకు చెప్పిన పెద్ద కోరిక అదొక్కటే.

చలికాలమంతా ఓబులేసు ఎడారిలో, రవణమ్మ మిష్రిఫ్‌లో. శుక్రవారం మధ్యాహ్నం బూ సాలెం భార్య పిల్లలతో భోజనానికి వచ్చేది. పనివాళ్ళు ఆయన్ని బాబా అనీ, ఆమెను మామా అనీ పిలిచేవారు. ఆమెతో రవణమ్మా వచ్చేది. ఆ పొద్దున ఓబులేసు గడ్డం గీసుకునేవాడు. అద్దం లేదు కాబట్టి పికప్ బండి పక్కద్దంలో చూసుకుని. నేను దాని మీద కూడా జోకులు వేసేవాణ్ణి. అతను సిగ్గుపడేవాడు.

మేత సంగతి చెప్పాలి, కథంతా అక్కడే ఉంది. రెండు ఇనప గుంజలు పాతి, వాటి మధ్య గుర్రం రొమ్మెత్తున తాడు బిగించి, దానికి నాలుగు గుర్రాలనూ ఎడంగా కట్టేవారు. గడ్డిని నేల మీద వేయరు. ఇసకతో కలిపి తింటే ప్రాణం మీదికొస్తుందని వలసంచుల్లో పెట్టి వేలాడదీస్తారు. బార్లీ బకెట్లో కొలత ప్రకారం. అన్నిటికంటే ముఖ్యమైన కట్టడి ఒకటి ఉండేది. గుర్రానికి మేత ఒక్క చెయ్యే పెట్టాలి. యజమానైనా సరే, కొడుకైనా సరే, ఖర్జూరం ముక్కైనా సరే, సాయీసు చేతిమీదుగానే పోవాలి. అప్పుడే దాని కడుపులో ఏముందో ఎవరో ఒకరికి పూర్తిగా తెలుస్తుందని బూ సాలెం అనేవాడు.

మరి గుర్రమంటే మనకు ఏం గుర్తొస్తుంది? గుగ్గిళ్ళు. బెజవాడలో ఎవర్నడిగినా అదే చెబుతారు. జట్కా గుర్రం ఉలవ గుగ్గిళ్ళు తిని బతికిందని మనం పుట్టినప్పటినుంచీ వింటున్నాం. ఎంత పెట్టాలో, ఎలా అలవాటు చెయ్యాలో, ఎంత మెత్తగా ఉడకాలో మాత్రం ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. నాకేమో తాతగారి జట్కా పరువు నిలబెట్టాలి. ఒక బుధవారం ఫహాహీల్లో ఉలవలు కొన్నాను. రాత్రంతా నానబెట్టి గురువారం మధ్యాహ్నం కుక్కర్లో వేశాను. ఆవిరంతా పక్కనుంచి పోయింది. ఇక్కడికొచ్చి ఆగింది చూశారా, రబ్బరు సంగతి. విజిల్ రాలేదు. ఉలవలు ఉడికీ ఉడకనట్టు ఉండిపోయాయి. టైమైపోతోందని అలాగే పెద్ద స్టీలు డబ్బా నిండా పోసుకున్నాను. మిగిలినవాటికి తాలింపు వేసి చిన్న డబ్బాలో పెట్టాను, ఓబులేసు కోసం.

సాయంత్రం గుడారాల దగ్గర అతనికి ఇస్తే మూత తీసి వాసన చూసి మొహమంతా నవ్వాడు.

"ఉలవ గుగ్గిళ్ళు! యాడ దొరికినాయి సార్ ఇయ్యి?"

"ఫహాహీల్లో. సరిగ్గా ఉడకలేదు."

"పండ్లుండాయిలే సార్ నాకు" అన్నాడు.

పెద్ద డబ్బా సంగతి చెప్పలేదు. ఒక్క చెయ్యి కట్టడి నాకు గుర్తుంది. గుర్తుండే చెప్పలేదు.

మర్నాడు పొద్దున బూ సాలెం, ఇంకో ఇద్దరు ఆఫీసువాళ్ళు మూడు గుర్రాలెక్కి వెళ్ళారు. రెండో విడతలో నేను రీమ్ ఎక్కాలి. ఓబులేసు నీళ్ళ ట్యాంకు నింపుకురావడానికి పికప్ తీశాడు. "సార్, రీమ్‌ను జూస్తాండండి, వచ్చేస్తా" అన్నాడు. గడ్డం అప్పటికే గీసుకున్నాడు.

నేనూ, రీమూ మిగిలాం. డబ్బా మూత తీశాను. అది మెడ సాచి వాసన చూసింది. దోసిట్లో పోసి పెట్టాను. అరచేతిని మెత్తటి పెదవులతో తడిమి మొత్తం ఊడ్చేసింది. ఇంకో దోసిలి. తర్వాత డబ్బానే పట్టుకున్నాను. తల లోపల పెట్టేసింది. ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని వీడియో కూడా తీశాను, బెజవాడ బంధువుల గ్రూపులో పెడదామని. "తాతగారి తర్వాత మన వంశంలో గుర్రానికి మేత పెడుతున్నది నేనే" అని దానికి వ్యాఖ్యానం కూడా. పంపబోతే సిగ్నల్ లేదు. డబ్బా అడుగు కూడా నాకేసింది రీమ్. ఇంకా కావాలన్నట్టు నా భుజాన్ని ముక్కుతో నెట్టింది. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న పొద్దులు ఎక్కువ లేవు. అది నిజం. దాన్ని ఎందుకు దాచాలి?

మధ్యాహ్నానికి రీమ్ ముందుకాలితో ఇసక తవ్వడం మొదలుపెట్టింది. నా రెండో విడత సవారీ అప్పటికే వాయిదా పడింది, టీలతో, కబుర్లతో. మొదట చూసింది ఓబులేసే. అది మాటిమాటికీ తల తిప్పి తన డొక్క వైపు చూసుకుంటోంది, అక్కడినుంచి ఎవరో పిలిచినట్టు. కూలబడింది. లేచింది. మళ్ళీ కూలబడి దొర్లబోయింది. చలిగాలిలో దాని మెడంతా చెమట. "బాబా! బాబా!" అని ఓబులేసు బూ సాలెంని కేకలేశాడు. బూ సాలెం చేతిలో టీ గ్లాసు అక్కడే పడేసి పరిగెత్తాడు. ఆఫీసువాళ్ళలో ఒకడు సిగ్నల్ దొరికేదాకా కారులో పోయి డాక్టరుకు ఫోను చేసొచ్చాడు.

గుర్రానికి కడుపునొప్పి అంటే మనిషికి కడుపునొప్పిలాంటిది కాదని ఆ మధ్యాహ్నమే తెలిసింది. అది వాంతి చేసుకోలేదు. దొర్లితే పేగు మెలిపడి చచ్చిపోవచ్చు. డాక్టరు వచ్చేదాకా నడిపిస్తూనే ఉండాలి. ఓబులేసు నడిపించాడు, బూ సాలెం నడిపించాడు. తర్వాత నన్ను పట్టుకోమన్నారు. తాడు నా చేతిలో ఉంది. అది ఆగిపోయి మోకాళ్ళు వంచబోతే లాగుతున్నాను. నా వైపు చూసింది. పొద్దున చూసిన కళ్ళే. ఇంకేమీ తెలియనట్టే, నేనేదో చేస్తానన్నట్టే చూసింది. చెప్పు, చెప్పు అని నాలో నేను అంటూనే ఉన్నాను. ఇంకో చుట్టు తిరిగాక చెబుతా. ఆ గుడారం దాటాక చెబుతా. దాటాను. చెప్పలేదు.

డాక్టరు ఈజిప్టువాడు. వస్తూనే గుర్రం పొట్టకు స్టెతస్కోపు ఆనించి విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. "ఏం తింది?" అన్నాడు. ఓబులేసు గడ్డి, బార్లీ అని కొలతలతో సహా చెప్పాడు. డాక్టరు అందరి వైపూ చూసి "ఇంకేమైనా?" అన్నాడు. ఆ ప్రశ్న ఓబులేసుకు కాదు. అందరికీ. నేను ఇసక వైపు చూశాను. ఇక్కడ ఆగి మీకొక మాట చెప్పాలి. ఓబులేసు విషయంలో చేసిన తప్పే అందరికీ పెద్దదిగా కనిపిస్తుంది. కానీ దానికంటే ముందు ఈ తప్పు ఉంది. ఆ మాట చెబితే గుర్రానికి వైద్యం తొందరగా అందేది. నా పరువుకి, దాని ప్రాణానికి మధ్య ఎంచుకోమంటే నేను ఎంచుకున్నాను. ఎంతసేపు ఆలోచించాను? ఆలోచించనే లేదు. అదే నన్ను భయపెడుతుంది.

డాక్టరు రీమ్ ముక్కులోంచి పొడవాటి గొట్టం దించాడు. బకెట్టు నీళ్ళు లోపలికి పోసి, వెనక్కి తీయడం మొదలుపెట్టాడు. అందరూ ఆ గొట్టం చివరనే చూస్తున్నారు. నేను రెండడుగులు వెనక్కి వేసి, జేబులోంచి ఫోను తీసి, పొద్దుటి వీడియోను చెరిపేశాను. నోరు తెరవకపోవడాన్ని భయం అనుకోవచ్చు. దీన్ని ఏమనాలి?

గోధుమరంగు నీళ్ళు బకెట్లో పడ్డాయి. వాటితో పాటు నమిలీ నమలని గింజలు, పొట్టు. డాక్టరు అరచేతిలోకి తీసుకుని "ఇవేమిటి?" అన్నాడు. బూ సాలెంకి తెలియదు. ఎలా తెలుస్తుంది? ఓబులేసు వంగి చూశాడు. అతని మొహం ఆశ్చర్యంతో వెలిగింది, తెలిసిన మనిషి సంతలో ఎదురైనట్టు.

"ఇయ్యి ఉలవలు కదా!" అన్నాడు తెలుగులో. తర్వాత అరబ్బీలో, "మా ఊరి గింజలు బాబా, మేం తింటాం" అన్నాడు.

తప్పు చేసినవాడెవడూ అలా చెప్పడు. అది అక్కడ నాకొక్కడికే తెలుసు. బూ సాలెం నేరుగా ఓబులేసు గుడారంలోకి వెళ్ళాడు. చిన్న డబ్బాతో తిరిగొచ్చాడు. అడుగున ఇంకా కొన్ని గుగ్గిళ్ళు ఉన్నాయి, కరివేపాకుతో సహా. నా పెద్ద డబ్బా అప్పటికి నా కారు డిక్కీలో, ఖాళీగా, కడిగి బోర్లించినట్టుగా ఉంది. దాన్ని నాకిన నాలుక చాలా శుభ్రమైనది.

"సార్ ఇచ్చినాడు, నాకు తినేకి" అని ఓబులేసు నావైపు చూపించాడు. "రీమ్‌కు నేను పెట్టలా బాబా."

బూ సాలెం ఇంగ్లీషులో నన్నడిగాడు. "నువ్వు ఇచ్చావా?"

"ఇచ్చాను" అన్నాను. "తినడానికి."

"మరి గుర్రానికి?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఇన్నాళ్ళూ నేను నోరు తెరిస్తే నవ్వడానికి సిద్ధంగా ఉండే మొహాలు. నా నోరు తనకు తెలిసిన పనే చేసింది.

"మా వైపు గుర్రాన్ని చూసి గుగ్గిళ్ళు పెట్టకుండా ఉండటం కష్టం. చిన్నప్పటినుంచీ నేర్పేది అదొక్కటే. అతన్ని ఏమీ అనకండి, మా జాతి మొత్తాన్నీ అనండి."

ఆఫీసువాళ్ళిద్దరూ నవ్వారు. డాక్టరు కూడా గొట్టం చుడుతూ మూతి బిగించి నవ్వాడు. బూ సాలెం నవ్వలేదు.

మళ్ళీ చదవండి ఆ మాటల్ని. నేను చాలాసార్లు చదివాను. అందులో ఒక్క అబద్ధం లేదు. అతను పెట్టాడని నేననలేదు. నేను పెట్టలేదనీ అనలేదు. వెనకేసుకొచ్చినట్టే ఉంది. ఇంజనీరు చేసిన పని ఎక్కడా కారదు. ఓబులేసుకు ఇంగ్లీషు రాదు. నలుగురూ నవ్వడం చూశాడు, అతని భుజాలు కాస్త దిగాయి.

"చెప్పినావా సార్?" అన్నాడు నాతో, మెల్లగా.

"చెప్పాను" అన్నాను.

"మంచిపని చేసినావు సార్."

మందు పడ్డాక, కొంతసేపటికి రీమ్ పేడ వేసింది. బూ సాలెం ఆ పేడను చూసి కళ్ళు తుడుచుకున్నాడు. గుర్రం బతికింది. అప్పటికి మిష్రిఫ్ నుంచి ఆడవాళ్ళ కారు వచ్చి ఉంది. రవణమ్మ వంటసామాను దించుతూ సంగతి విని అక్కడే నిలబడిపోయింది. బూ సాలెం ఓబులేసును పిలిచాడు. ఆయన అరిచి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో. అరవలేదు.

"గుర్రం బతికింది. తప్పు ఎవరైనా చేస్తారు. పెట్టానని చెప్పు, ఇక్కడితో మరిచిపోతాను."

"పెట్టలా బాబా."

"ఇంకోసారి అడుగుతున్నా."

రవణమ్మ వచ్చి మొగుడి చెయ్యి పట్టుకుంది. "ఒప్పుకో అప్పా. నీకు దండం పెడతా. మామాకు నేను చెప్పుకుంటా, ఏమనదు. ఒక్క మాట, పెట్టినా అను."

"పెట్టల్యా మే. పెట్టనిది పెట్టినా అని ఎట్ల చెప్పల్ల?"

"ఎవురు పెడతారు మరి? ఆకాశం నుంచి పడినాయా ఉలవలు?"

ఓబులేసు ఆలోచిస్తూ చుట్టూ చూశాడు. నా మీదుగా కూడా చూశాడు. ఆగలేదు. నన్ను అనుమానించాలన్న ఆలోచన ఆ మనిషికి రాలేదు. తన తరఫున మాట్లాడినవాణ్ణి కదా నేను.

"తప్పు చేసినవాణ్ణి ఉంచుకుంటాను" అన్నాడు బూ సాలెం. "నా కళ్ళలోకి చూసి అబద్ధమాడేవాణ్ణి ఉంచుకోను. ఖలాస్."

అంతే. ఇఖామా, అంటే కువైట్లో ఉండే అనుమతి, రద్దయింది. వారం తిరక్కుండా ఓబులేసును విమానం ఎక్కించారు. రవణమ్మ పని మామాకు నచ్చింది కాబట్టి ఆమె ఉండిపోయింది. ఊళ్ళో పిల్లాడి చదువు, ఇంటికి కొత్తగా పోసిన పునాది. ఒకరైనా ఉండక తప్పదు.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందని భయపడ్డాను అని రాస్తే బాగుంటుంది. ఆలుబిడ్డలున్నవాడు, పరాయి దేశం, మీరూ అర్థం చేసుకుంటారు. కానీ అది కాదు. క్షమిస్తానని ఆయన నా ఎదుటే అన్నాడు. ఒప్పుకుంటే ఏమయ్యేది? కాసేపు కోప్పడేవాడు. తాతగారి జట్కా కథ బయటపడేది. పదిమంది నన్ను చూసి నవ్వేవారు. అంతే. నవ్వించేవాణ్ణి, నవ్వులపాలు కావడానికి సిద్ధంగా లేను. ఒక మొగుణ్ణీ పెళ్ళాన్నీ విడదీసింది అదీ. ఇంత చిన్న కారణం ఉంటుందని నాకే నమ్మబుద్ధి కాదు.

మరుసటి చలికాలం మళ్ళీ వెళ్ళాను. అవును, వెళ్ళాను. కొత్త సాయీసు వచ్చాడు. రీమ్ నన్ను గుర్తుపట్టింది. నా భుజాన్ని ముక్కుతో నెట్టి, చేతులు వాసన చూసింది. జరిగిందాంట్లో దానికి గుర్తున్నది రుచి ఒక్కటే. ఎక్కాను. ఊపిరి వినిపించింది గాని కలవలేదు. ఆ తర్వాత నడుంనొప్పి అని చెప్పి మానేశాను. బూ సాలెం రిటైరై వెళ్ళేటప్పుడు కూడా, మా తాతగారి జట్కాను తలుచుకుని నన్ను కౌగిలించుకున్నాడు. అప్పుడూ చెప్పలేదు.

మీకంటే ముందు దీన్ని ఒకరికి చెప్పాను. పోయిన నెలలో, ఒక శుక్రవారం, ఫహాహీల్లో బస్సు ఆగేచోట. రవణమ్మే ముందు పలకరించింది. "బాగుండారా సార్?" అంది. ఇప్పుడు వేరే ఇంట్లో చేస్తోందట. జుట్టు ముందుభాగం తెల్లబడింది. చేతిలో కూరగాయల సంచి. ఓబులేసు ఎలా ఉన్నాడని అడగకుండా ఉండాల్సింది. అడిగాను.

"ఉండాడు, ఊర్లో. ఆడొక మేక, ఈడొక మేక తోలుకుంటా. మల్లా వీసాకు ఎంతమందినో అడిగితిమి. గుర్రానికి ఏందో పెట్టి లేదన్నోడు అని ఈడ పేరు పడిపాయ కదా, ఎవురూ తీసుకోలా." సంచి ఇంకో చేతికి మార్చుకుంది. "ఆ పొద్దు ఒక్క మాట ఒప్పుకొని ఉంటే ఇద్దరమూ ఈడనే ఉందుము సార్. మొండోడు. నేను పోయినప్పుడంతా అదే కొట్లాట మాకు. ఈ మధ్య మాట్లాడుకొనేదే తగ్గిపాయ."

అప్పుడు చెప్పాను. జోకు లేకుండా, చుట్టూ తిప్పకుండా. పెట్టింది నేను. డబ్బాతో. ఓబులేసు నీళ్ళకు పోయినప్పుడు. డాక్టరు అడిగినప్పుడు చెప్పలేదు, ఫోనులో ఉన్నదాన్ని చెరిపేశాను, అతను నిజమే చెప్పాడు, మొదటినుంచి చివరిదాకా. బస్సొకటి వచ్చి ఆగి వెళ్ళిపోయింది. ఆమె ఎక్కలేదు. నేను చెబుతూనే ఉన్నాను. చెబుతున్నకొద్దీ, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను, ఛాతీలో ఏదో వదులైంది. అన్నేళ్ళలో మొదటిసారి గుండెనిండా గాలి పీల్చుకున్నాను. ఆమె తిడుతుందనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. క్షమిస్తుందని కూడా ఎక్కడో ఒక మూల ఆశ ఉండే ఉంటుంది, నా సంగతి నాకు తెలుసు.

ఆమె సంచి కింద పెట్టి నా మొహం చూసింది.

"నీకు తేలికయినాది సార్, మొగంలోనే కనపడతాండాది" అంది. "ఇన్నేండ్లు ఆయప్పను అబద్దాలోడా, అబద్దాలోడా అన్నింది నేను."